పడుచు గుర్రానికి ఏ హాల్టర్? విశాఖ తీరం నుంచి ఒక పరిశీలన

విశాఖపట్నంలో గుర్రాన్ని పెంచేవారికి, అది సాగరతీరంలో సవారీల కోసమైనా, పెళ్ళి ఊరేగింపుల కోసమైనా, సొంత ఇష్టం కొద్దీ అయినా, దానికి రెండేళ్ళు నిండాక ఒక గడ్డు దశ ఎదురవుతుంది. అంతవరకు చెయ్యి వేస్తే ఒదిగి నిలబడిన పిల్ల 300 కిలోల పైచిలుకు బరువుతో, అణకువ ఇంకా అలవడని మెడతో, మనిషిని పగ్గంతో సహా ఈడ్చుకుపోగల జంతువుగా మారుతుంది. రామకృష్ణా బీచ్‌లో తడి ఇసుక మీద మనిషికే కాలు నిలవదు. వెనక్కి జారే అలను చూసి గుర్రం నేలే కదులుతోందని బెదురుతుంది. అదే సమయంలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ నుంచి లేచిన హెలికాప్టరు తీరం వెంబడి తక్కువ ఎత్తులో వెళ్ళిందంటే పగ్గం పట్టుకున్నవాడి అరచేయి ఒరుసుకుపోతుంది. అటువంటి ఒక్క ఉదయం గడిస్తే చాలు, దీని తలకు ఇంకా గట్టిది ఏదైనా వేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

అసలు చిక్కు ఆ ఆలోచనలోనే ఉంది. గుర్రం తల మీద వేసే ఏ సాధనమూ మనిషి బలాన్ని పెంచదు. చేతి లాగుడును గుర్రం ముఖంలో ఏ చోటికి చేర్చాలి, ఎంత వైశాల్యం మీద మోపాలి, చెయ్యి వదలగానే ఆ ఒత్తిడిని ఎంత త్వరగా తొలగించాలి అన్న మూడు విషయాలనే అది నిర్ణయిస్తుంది. కొనేవారు సాధారణంగా రెండోదాన్ని మాత్రమే చూస్తారు. నొప్పి ఎక్కువ పుట్టించేదే బలమైన గుర్రానికి తగినదని అనుకుంటారు. పడుచు గుర్రం విషయంలో నిర్ణాయకమైనది మూడోది.

హాల్టర్ అంటే నోటిలో ఇనుము లేకుండా ముక్కు మీదుగా, చెంపల పక్కగా, చెవుల వెనుకగా తలను చుట్టి ఉండే పట్టీల లేదా తాళ్ళ కూర్పు. ఎద్దును ముక్కు కుట్టి ముకుతాడుతో అదుపు చేయడం, ఆవును మెడకు పలుపు వేసి కట్టడం చూసి పెరిగిన కళ్ళకు ఇది మరీ బలహీనంగా కనిపించవచ్చు. కాని గుర్రానికి హాల్టర్ తగిలే చోట్లన్నీ చర్మం కింద ఎముకో నరమో దగ్గరగా ఉన్న చోట్లే. ముక్కు ఎముక కిందికి వచ్చే కొద్దీ సన్నబడి మొనదేలి ముగుస్తుంది, దాని కింద ఉన్నది మృదులాస్థి మాత్రమే. గుర్రం మనలా నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికి ఉన్న శ్వాసమార్గం ముక్కు ఒక్కటే. అందువల్ల ముక్కుపట్టీ ఆ మొనకు జారిందంటే, లాగిన ప్రతిసారీ గాలి అందడంలోనే ఇబ్బంది కలుగుతుంది, గుర్రానికి మాట వినడం కన్నా విడిపించుకోవడమే ముఖ్యమవుతుంది. చెంప మీద దవడ కండరం పైగా ముఖ నాడి శాఖలు చర్మానికి అతి దగ్గరగా సాగుతాయి. శస్త్రచికిత్స కోసం మత్తు ఇచ్చి గుర్రాన్ని పక్కకు పడుకోబెట్టినప్పుడు పశువైద్యులు హాల్టర్‌ను తీసివేయడానికి కారణం ఇదే: తల బరువుకు బకిల్ ఆ నాడిని నొక్కితే పెదవి ఒక పక్కకు వాలిపోయే పక్షవాతం రావచ్చు.

ఒత్తిడి సంగతి ఒక చిన్న లెక్కతో తేలుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ ముక్కు మీద 10 సెంటీమీటర్ల మేర ఆనిందనుకుంటే, 10 కిలోల లాగుడు 25 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 400 గ్రాములు పడుతుంది. అదే లాగుడు 6 మిల్లీమీటర్ల తాడు ద్వారా వస్తే, గుండ్రని తాడు నిజంగా చర్మాన్ని తాకే వెడల్పు 4 మిల్లీమీటర్లకు మించదనుకున్నా, చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు పడుతుంది. ఇది ఆరు రెట్లకు పైమాటే. ముక్కు మీద అదనపు ముడులు ఉంటే భారం ఆ ముడుల కింది చోట్ల మీదికే పోగవుతుంది. ఇది గోముగా నడిపే వేళ లెక్క. గుర్రం హఠాత్తుగా వెనక్కి గుంజుకుంటే లాగుడు 10 కిలోల దగ్గర ఆగదు.

పడుచు గుర్రాన్ని కళ్ళెంతో నడిపించడం మేలన్న వాదన కూడా వినిపిస్తుంది. దానికి జవాబు గుర్రం నోట్లోనే ఉంది. ముందు పళ్ళు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళ వయసుల్లో జతలు జతలుగా మారతాయి, అదే కాలంలో నములుడు పళ్ళ మీది పాలపళ్ళ డొప్పలూ ఊడతాయి. నడక నేర్పే ఏళ్ళూ చిగుళ్ళు సలిపే ఏళ్ళూ ఒకటే అన్నమాట. సలుపుతున్న నోట్లో ఇనుము గుంజితే గుర్రం నేర్చుకునేది మనిషి చేతిని చూసి తల ఎగరేయడం. ఇక ముళ్ళ కళ్ళెం గురించి వాదనే అనవసరం. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు ముళ్ళున్న కళ్ళేలను, గాయాన్నీ వాపునూ తీవ్రమైన నొప్పినీ కలిగించే పదునైన సరంజామాను నిషేధించాయి. అయినా అవి ఇంకా చేతులు మారుతూనే ఉండటం బాధాకరం.

ఇక హాల్టర్ల రకాలకు వస్తే, అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది వెడల్పాటి నైలాన్ పట్టీ హాల్టర్. ఇది ఒత్తిడిని పరిచి మోపుతుంది కాబట్టి మొదటి నెలల్లో, చెయ్యి తగిలితేనే ఉలిక్కిపడే దశలో ఇదే మంచిది. దీని లోపం కూడా అందులోనే ఉంది. బలమైన గుర్రం దాని మీద హాయిగా వాలి, బండి లాగినట్టు మనిషిని లాగుకుపోవడం నేర్చుకుంటుంది. మరొక లోపాన్ని చాలామంది పట్టించుకోరు. పగ్గం తగిలించే కడియం దవడ కింద ఉంటుంది కాబట్టి, పక్కకు గట్టిగా లాగితే హాల్టర్ మొత్తం తల చుట్టూ తిరిగి, అవతలి వైపు చెంపపట్టీ కంట్లోకి వస్తుంది. కంట్లో పట్టీ గుచ్చుకున్న గుర్రం ఎటు తిరగమన్నారో ఎలా గ్రహిస్తుంది? తోలు హాల్టర్‌కూ ఈ గుణదోషాలే ఉన్నా, దానికొక పెద్ద మేలు ఉంది: కొక్కేనికో కొమ్మకో చిక్కుకున్నప్పుడు, గుర్రం మెడ విరిగే లోపు తోలు తెగుతుంది. నైలాన్ అంత సులువుగా తెగదు.

తాడు హాల్టర్ ఒకే తాడును ముడులు వేసి అల్లినది. బకిళ్ళు, కడియాలు ఉండవు. దీని గురించి రెండు అతిశయోక్తులు వ్యాప్తిలో ఉన్నాయి. ఇది క్రూరమైనదని కొందరు, గుర్రంతో మాట్లాడే మంత్రదండమని కొందరు అంటారు. నిజానికి ఇది చేతిలోని మంచినీ చెడునూ రెండింటినీ పెద్దవి చేసి చూపిస్తుంది. వేలితో కదిపినంత లాగుడు కూడా గుర్రానికి స్పష్టంగా తెలుస్తుంది. పగ్గం వదులు చేసిన క్షణంలో తాడు ముక్కును విడిచిపెడుతుంది, ఆ తేడా పట్టీ హాల్టర్‌లో అంత చురుగ్గా తెలియదు. నేర్చుకోవడానికి కావలసింది ఆ తేడాయే. అయితే వదలడం రాని చేతిలో, ఎప్పుడూ బిగించి పట్టుకునే అలవాటున్న చేతిలో, ఇదే సాధనం ఎముక మీద ఎడతెగని ఒరిపిడి అవుతుంది. పడుచు గుర్రానికి దీన్ని ఎంచుకుంటే 8 మిల్లీమీటర్లకు తగ్గని తాడుతో, ముక్కు మీద అదనపు ముడులు లేకుండా అల్లినది తీసుకోవాలి. 5, 6 మిల్లీమీటర్ల బిరుసు తాడుతో నాలుగు ముడులు వేసినది ఎంత అందంగా కనిపించినా పక్కన పెట్టడమే మంచిది. దీన్ని కట్టే పద్ధతి కూడా ముఖ్యం. చెవుల వెనుక నుంచి వచ్చిన కొసను ఎడమ చెంప దగ్గరి ఉచ్చులోకి దూర్చి, ఆ ఉచ్చు మొదలు చుట్టూ తిప్పి, తన కిందుగానే లాగి బిగించాలి. మిగిలిన కొస కంటి వైపు కాక వెనక్కి, మెడ వైపు ఉండాలి. ముడిని ఉచ్చుకు పై భాగాన, తాడు మీదనే వేస్తే ఒక్క గుంజుకు బిగుసుకుపోయి, విప్పడానికి కత్తి కావలసి వస్తుంది.

లాగినకొద్దీ బిగిసే హాల్టర్లు మరొక తెగ. వీటిలో ముక్కు మీది రెండో తాడు గాని, చెవుల వెనుక పట్టీ గాని పక్క కడియాల గుండా జారుతూ, పగ్గం బిగిస్తే నొక్కుతుంది, వదిలితే సడలుతుంది. సిద్ధాంతంలో ఇది చక్కగానే ఉంది. ఆచరణలో, ఇసుకా చెమటా పట్టిన తాడు కడియంలో జారకుండా ఇరుక్కుంటుంది, గుర్రం ఆగి నిలబడినా నొక్కుడు పోదు. సముద్రం పక్కన ఈ బెడద మరీ ఎక్కువ. ఈ తరహా హాల్టర్ ఒకదాన్ని సాధారణ స్థితితో పోల్చి చూసిన, 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, దాన్ని అంతకు ముందు ఎరగని గుర్రాలు మరింత బాగా మాట వినలేదని, ముఖకవళికల్లో అసౌకర్యపు గుర్తులు మాత్రం పెరిగాయని తేలింది. నేర్పకుండా తొడిగిన సాధనం తనంతట తాను ఏమీ నేర్పదని ఆశ్చర్యపడకుండానే ఒప్పుకోవచ్చు.

ముక్కు మీదుగా గొలుసు వేసి నడిపించే పద్ధతిని పడుచు గుర్రానికి పూర్తిగా తోసిపుచ్చవలసిందే. కారణం జాలి ఒక్కటే కాదు. గొలుసు నొప్పికి బెదిరిన గుర్రం ముందుకు పోలేక, నిలవలేక, ముందు కాళ్ళెత్తి లేస్తుంది. లేచిన గుర్రాన్ని అదే గొలుసుతో కిందికి లాగాలని చూస్తే సమతూకం తప్పి వెల్లకిలా పడుతుంది. అలా పడ్డప్పుడు నెత్తి నేలకు కొట్టుకుని పుర్రె అడుగు ఎముక విరగడం పశువైద్యులు ఎరిగిన ప్రమాదం. పక్కనున్న మనిషికీ అది అంతే ప్రమాదం.

బలం తెలిసిపోయిన గుర్రానికి, అంటే మెడ బిగించి కాళ్ళు పాతేయడమో, భుజంతో తోసుకుని ఉరకడమో ఇప్పటికే అలవాటు చేసుకున్న దానికి, వీటన్నిటికన్నా తగినది కావెసన్. గుండ్రంగా తిప్పి నడిపించే శిక్షణలో వాడే ఈ సాధనం ముక్కు మీద మెత్త కుట్టిన గట్టి పట్టీతో, ముందు వైపునా పక్కలా కడియాలతో ఉంటుంది. దీని సుగుణమంతా ఆ ముందు కడియంలో ఉంది. 350 కిలోల జంతువును ఎదురుగా నిలబడి లాగి గెలిచే మనిషి లేడు. దాని తలను కొద్దిగా పక్కకు తిప్పగలిగితే మాత్రం మెడ బిగింపు సడలుతుంది, వెనుక కాలు పక్కకు వేయక తప్పదు, కాలు కదిలిన గుర్రం ఇక పాతుకుని నిలబడలేదు. దవడ కింద కడియంతో ఇది కష్టం, ముక్కు ముందరి కడియంతో సులువు. అయితే కావెసన్ వదులుగా ఉంటే కంటి మీదికి పొర్లుతుంది కాబట్టి దవడ పట్టీని ఒంటికి ఆనేలా బిగించాలి, అదే సమయంలో గుర్రం గడ్డి నమలగలిగేంత చోటు ముక్కుపట్టీ దగ్గర మిగలాలి. మెత్త లేని ఉత్త ఇనుప ముక్కుపట్టీ ఉన్నవి చవకగా దొరికినా కొనకూడదు.

ఏది కొన్నా, తొడిగే చోటు తప్పితే ఫలితం లేదు. గుర్రం చెంప మీద వేళ్ళతో తడిమితే కంటి కిందుగా ముక్కు వైపు సాగే ఎముక గట్టు ఒకటి తగులుతుంది. ముక్కుపట్టీ ఆ గట్టు చివరకు రెండు వేళ్ళ కిందుగా ఉండాలి. అంతకన్నా పైన ఉంటే గట్టును ఒరుస్తుంది, మరీ కిందికి వస్తే ఇందాక చెప్పిన మృదులాస్థి మీద పడుతుంది. ముక్కుకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు, గొంతు దగ్గర పిడికిలి పట్టాలి. మరీ వదులైనా కీడే. వెనుక కాలితో చెవి గోక్కునేటప్పుడు గిట్ట అందులో ఇరుక్కుంటుంది. దుకాణాల్లో హాల్టర్లు తట్టు (పొట్టి గుర్రం), మధ్యరకం, పెద్దరకం అన్న కొలతల్లో వస్తాయి. మార్వారీ, కాఠియావాడీ జాతుల పోలికలున్న సన్నని తలలకు పెద్దరకం వేలాడుతుంది, మధ్యరకంలో ముక్కుపట్టీ సరిపోయినా తలపట్టీ చాలక పోవచ్చు. రెండూ విడివిడిగా సరిచేసుకునే బకిళ్ళున్నది తీసుకోవడం ఉత్తమం. ఆ జాతుల్లో చెవులు లోపలికి వంగి కొసలు కలుసుకుంటాయి కాబట్టి, తొడిగేటప్పుడు చెవిని మడిచి దూర్చకుండా తలపట్టీని విప్పి వెనుకగా చుట్టి కట్టడం వాటికి మరీ అవసరం. చెవి నలిగిన జ్ఞాపకం గుర్రానికి చాలా కాలం ఉంటుంది. పాడేరు, జి.మాడుగుల వైపు కొండదారుల్లో సరుకు మోసే చిన్న గుర్రాలకైతే తట్టు కొలత కూడా ఒక్కోసారి పెద్దదవుతుంది.

పగ్గాన్ని హాల్టర్‌లో భాగంగానే చూడాలి. మూడు, మూడున్నర మీటర్ల పొడవు ఉంటే, గుర్రం ఎగిరినప్పుడు మనిషి పక్కకు తప్పుకుంటూనే కొస వదలకుండా ఉండగలుగుతాడు. రెండు మీటర్ల పగ్గంతో ఆ వెసులుబాటు లేదు. చేతికి నిండుగా అందే 12 నుంచి 14 మిల్లీమీటర్ల నూలు పగ్గం అరచేతిని కాపాడుతుంది. నైలాన్ జారితే చర్మం కాలినట్టు లేచిపోతుంది. తాడు హాల్టర్‌కు బరువైన ఇనుప కొక్కెం తగిలిస్తే నడిచేటప్పుడు అది గడ్డాన్ని కొడుతూ, ఏమీ అడగని వేళ కూడా ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి పగ్గాన్ని ఉచ్చుకే నేరుగా ముడివేయడం మేలు. మిగిలిన పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పొరలు పొరలుగా మడిచి పట్టుకోవాలి.

విశాఖ గాలి ఈ ఎంపికలో తన వంతు చెబుతుంది. ఉప్పుతేమకు పూత పూసిన ఇనుప బకిళ్ళు కొద్ది నెలల్లోనే తుప్పు పట్టి, నాలుక కదలక, అవసరానికి విప్పబోతే రావు. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు బకిళ్ళకు అదనంగా ఖర్చయినా ఇక్కడ అది వృథా కాదు. జూన్ నుంచి నవంబరు దాకా వానల్లో తోలుకు బూజు పడుతుంది. తడిసిన తోలును ఎండలో ఆరేస్తే పగులుతుంది. నీడలో ఆర్చి, పలుచగా నూనె పట్టించి, గాలి ఆడే చోట వేలాడదీయాలి. నూలు పగ్గాలు తేమ పీల్చి బరువెక్కి మురుగుతాయి కాబట్టి రెండు ఉంచుకుని మార్చుకోవాలి. తీరం నుంచి వచ్చిన ప్రతిసారీ హాల్టర్‌ను మంచినీళ్ళలో జాడించాలి. ఉప్పూ ఇసుకా పేరుకున్న నైలాన్ అంచు చెమట పట్టిన చర్మం మీద ఆకురాయిలా పనిచేస్తుంది. ఒక గుర్రం హాల్టర్‌ను మరొకదానికి వేయడం ఈ ఉక్కలో ముఖ్యంగా మానవలసిన అలవాటు. తామర వంటి చర్మరోగాలు ఇలాగే శాల మొత్తానికి, పట్టుకున్న మనుషులకు కూడా పాకుతాయి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను గుర్రాల దగ్గర తరచు వింటాం. అది లేత వయసులోనే నేర్పమంటోంది గాని లేత వయసులోనే విరవమనడం లేదు. నేర్పే తీరు ఇది: గోడలున్న చిన్న ఆవరణలో, బెదురు లేని వేళ, పగ్గాన్ని ఒక పక్కకు మెల్లగా బిగించి అలాగే ఉంచాలి, గుంజకూడదు. గుర్రం తల కొద్దిగానైనా ఆ వైపు తిప్పిన క్షణంలో, సెకను కూడా దాటకముందే, పూర్తిగా వదిలేయాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే అప్పటికి గుర్రం మరో పని చేస్తుంటుంది, వదలడమనే బహుమతి ఆ పనికి దక్కుతుంది. ఎడమ నుంచి నేర్పినది కుడి నుంచి మళ్ళీ నేర్పాలి. మనిషి తల ఎదుట నిలవకుండా, మెడకూ భుజానికీ మధ్య పక్కగా ఉండాలి, ఎందుకంటే సరిగ్గా నుదుటి ముందు గుర్రానికి చూపు ఆనని చోటు ఉంటుంది. ఆవరణలో వేలితో తిప్పగలిగినప్పుడే వీధిలోకి, వీధిలో ఆటో హారన్లకు చెదరనప్పుడే బీచ్ రోడ్డుకు తేవాలి. తీరంలో నౌకాదళ విన్యాసాల సాధన సాగే రోజుల్లో యుద్ధవిమానాలు తక్కువ ఎత్తులో వెళతాయి. ఆ రోజుల్లో పడుచు గుర్రాన్ని అటు తీసుకుపోకపోవడమే తెలివి. ఏ హాల్టరూ ఆ చప్పుడుకు విరుగుడు కాదు.

కట్టేటప్పుడు తాడు హాల్టర్‌తోనూ, కావెసన్‌తోనూ కట్టకూడదు. అవి తెగవు, గుర్రం వెనక్కి గుంజుకుంటే చెవుల వెనుక మెడ మొదటి కీళ్ళ మీద భారమంతా పడుతుంది. కట్టడానికి పట్టీ హాల్టర్ వేసి, గోడ కడియానికి పగ్గాన్ని నేరుగా కాక మధ్యలో జనపనార పురికొస ముక్క ఒకటి వేసి కడితే, ప్రమాదంలో ఆ పురికొస తెగుతుంది. గుర్రాన్ని శాలలోనో మైదానంలోనో విడిచేటప్పుడు ఏ హాల్టరైనా తీసేయాలి. ఐదేళ్ళు వచ్చేదాకా తల పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, నెలకోసారి వేళ్ళతో కొలిచి చూసి, రంధ్రం మార్చాలి. ముక్కు మీద వెంట్రుక అరిగినా, తెల్లగా మొలుస్తున్నా, తడిమితే గుర్రం తల తప్పించినా ఆ హాల్టర్ అప్పటికే తప్పుగా ఉందని అర్థం. పుండు మానేదాకా ఆ చోట ఏదీ ఆనకుండా చూసి, ఆ తరువాతనే కొత్త కొలతతో మొదలుపెట్టాలి.